10-1 ఓటమి నుంచి బంగారు పతకం దాకా.. కోచ్ రహీం సాబ్ ప్రయాణం

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియా రెండే రెండుసార్లు బంగారు పతకం గెలిచింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండుసార్లూ కోచ్ ఒక్కరే, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ పేరు కొంతమందికి తెలిసింది. అయినా మన తిరుపతి, చిత్తూరు పిల్లల్ని అడగండి, మెస్సీ గురించి గంట చెప్తారు, రహీం సాబ్ ఎవరంటే మొహమొహాలు చూసుకుంటారు.

ఆయన 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ యూనివర్సిటీ టీమ్‌కు ఆడారు. తర్వాత స్కూలు టీచర్ అయ్యారు. కోచింగ్‌లోనూ ఆ మాస్టారు తీరు పోలేదు. బాల్ కాళ్ల దగ్గరే పెట్టుకుని సొంత గొప్ప చూపించుకునే ఆట ఆయనకు నచ్చదు. అందుకే డ్రిబ్లింగ్ చేయకూడదన్న రూల్‌తో పోటీలు పెట్టేవారు. కుడికాలితో ఆడే అలవాటున్న కుర్రాళ్లకు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో పోటీ. బాల్ అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి, ఖాళీ చూసుకుని పరుగెత్తాలి. వినడానికి చిన్న విషయమే, కానీ హైదరాబాద్ ఫుట్‌బాల్ అంతా దీనిమీదే నిలబడింది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతికి వచ్చింది. ఆ టీమ్ బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులకే పేరున్న రోజులవి! డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957, 1961లో దక్కింది. రాష్ట్రాలు మారాక చివరిసారి గెలిచినప్పుడు టీమ్ పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్. సంతోష్ ట్రోఫీలో కూడా హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా ఛాంపియన్.

అన్నీ విజయాలే కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. చలిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే ఇండియా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇంతవరకు మనకు అదే గొప్ప.

1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. కోచ్ తండ్రే, అయినా ఒక్క మ్యాచ్‌లో కూడా దింపలేదు. ఈ రోజుల్లో ఇలాంటిది ఊహించగలమా?

ఇక 1962 జకార్తా. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌లపై గెలిచారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతన్ని పక్కన పెట్టకుండా సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు రహీం సాబ్. అతను గోల్ కొట్టాడు, దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం.

ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా పిలవకపోవడాన్ని మన దేశపు క్రీడా అధికారి సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం ఇండియా మీద మండిపడుతున్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా కేకలే. మన పక్షాన అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆ తర్వాత మనవాళ్లు చెప్పుకున్నారు. మళ్లీ ఎదురొచ్చింది అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. ఆఖర్లో కొరియా ఒక గోల్ చేసినా 2-1తో బంగారం మనదే అయింది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతికాల్ అయ్యారు. వయసు 53. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. కొడుకు హకీం సాబ్‌కు 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది, 2021లో ఆయన కూడా పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తర్వాత ఇండియాకు మళ్లీ బంగారం రాలేదు.