రైలు కిటికీ నేర్పిన పాఠం

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారా? దగ్గరి స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి, దూరపు కొండలు మెల్లగా కదులుతాయి. మనం చూసి వదిలేస్తాం. జేమ్స్ గిబ్సన్ వదల్లేదు.

ఆయన 1904లో అమెరికాలోని ఒహాయోలో పుట్టారు. నాన్నది రైల్వే ఉద్యోగం. రైలు ముందు నుంచి చూస్తే దృశ్యం విచ్చుకుంటుందని, వెనక నుంచి చూస్తే ముడుచుకుంటుందని చిన్నప్పుడే గమనించారు. చదివింది ఇంజినీరింగ్ కాదు, సైకాలజీ! రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వైమానిక దళం కోసం పైలట్ల ఎంపిక పరీక్షలపై పనిచేశారు. విమానం దించే పైలట్‌కి తన వేగం, దిశ ఎలా తెలుస్తాయి? కళ్లముందు దృశ్యం ప్రవహించే తీరే చెబుతుందని 1950 నాటి తన పుస్తకంలో వివరించారు. 1979లో కన్నుమూశారు.

ఇసుకలో చక్రాలు జారితే అవి తిరిగిన లెక్క తప్పుతుంది. అందుకే అంగారకుడిపై రోవర్లు వరస ఫొటోల్లో రాళ్లు ఎంత జరిగాయో చూసి, తామెంత కదిలాయో లెక్కిస్తాయి. దీన్నే విజువల్ ఓడోమెట్రీ అంటారు. డ్రోన్లకూ ఇది కావాలి.

ఈ రంగంలో ఉద్యోగానికి కోడింగ్, లీనియర్ ఆల్జీబ్రా తప్పనిసరి, నేర్చుకోండి. కానీ మీ బ్రాంచి వేరని ఆగిపోకండి. ఈసారి రైలెక్కితే ఫోన్ కాసేపు పక్కనపెట్టి బయటికి చూడండి.