సముద్రములు దాటిన చుట్టరికము: ఏసా గ్రే జీవితము

చెట్టు పుట్టినచోటనే పెరిగి, పెరిగినచోటనే కూలును. అయినను దాని జ్ఞాతులు సముద్రములకావల కానవచ్చుట కలదు. హిమాలయపు లోయలలో పోప్లార్ అను చెట్టు పెరుగును. రావియాకువలె దాని ఆకు చిరుగాలికే గలగలలాడును. దాని విత్తనములకు దూదివంటి నూగుండుటచే గాలి వానిని చాలదూరము మోసికొనిపోవును. ఈ పోప్లార్ వంశమే చైనా, రష్యా, ఐరోపా దేశములందును, మహాసముద్రమునకావల అమెరికాయందును వ్యాపించియున్నది. ఐరోపాలోని యొక పోప్లార్ జాతియు, అమెరికాలోని మరియొక జాతియు అక్కచెల్లెండ్రవలె పోలియుండును. ఇంతటి ఎడబాటు గల తావులలో ఇంతటి పోలిక యెట్లు కలిగెను? సృష్టికర్త వానిని వేర్వేరుగ రెండుచోట్ల పుట్టించెనా, లేక అవి ఒక్క తల్లి బిడ్డలై కాలక్రమమున విడిపోయెనా? పందొమ్మిదవ శతాబ్దమున విద్వాంసులను రెండు పక్షములుగ చీల్చిన ప్రశ్న యిది. దీనికి లెక్కకట్టి, పోల్చిచూచి, నిర్భయముగ సమాధానము చెప్పినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే.

గ్రే 1810వ సంవత్సరము నవంబరు 18వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందలి సాకోయిట్ అను పల్లెలో జన్మించెను. తండ్రి తోళ్లు ఊనుచు జీవించువాడు. తోళ్లు ఊనుటకు చెట్టుబెరడు పొడి కావలెను. బెరడు నలగగొట్టు గానుగకు బెరడు అందించుట, గానుగ త్రిప్పు గుఱ్ఱమును అదలించుట, ఇవియే ఆ బాలుని తొలి పనులు. చెట్టుతో అతనికి కలిగిన మొదటి పరిచయము ఆ బెరడే.

తండ్రి అతనిని వైద్యవిద్యకు పంపెను. విద్యార్థిదశలో ఒక శీతకాలమున గ్రే విజ్ఞానసర్వస్వమొకటి తిరుగవేయుచు వృక్షశాస్త్రమును గూర్చిన వ్యాసము చదివెను. మనస్సు దానియందు లగ్నమయ్యెను. వెంటనే మొక్కలను గుర్తించు పుస్తకమొకటి కొని, మంచు కరిగి వసంతము వచ్చువరకు వేచియుండి, తొలుత కనబడిన చిన్న పూవును చేతబట్టి దాని పేరును తనంతట తాను కనుగొనెను. 1831లో వైద్యపట్టము చేతికి వచ్చెను గాని, రోగుల నాడికంటె ఆకుల ఈనెలే అతనికి ప్రీతిపాత్రములయ్యెను. కొంతకాలము పాఠశాలలో బోధించి, పిదప న్యూయార్కులో జాన్ టోరీ యను ప్రసిద్ధ శాస్త్రవేత్తకు సహాయకుడై చేరెను. గురుశిష్యులిరువురు కలిసి ఉత్తర అమెరికా వృక్షసంపదను వర్ణించు మహాకార్యమునకు పూనుకొనిరి.

1838లో మిషిగను విశ్వవిద్యాలయమువారు గ్రేను ఆచార్యునిగ నియమించి, గ్రంథములు కొని తెచ్చుటకు ఐరోపాకు పంపిరి. ఆ యాత్రలో, 1839లో, పారిసు నగరమున మిషో అను పూర్వశాస్త్రజ్ఞుడు కూర్చిన ఎండుమొక్కల సంగ్రహము నతడు పరిశీలించెను. అందు పూవు లేని, కాయ మాత్రమే మిగిలిన, పేరు లేని మొక్క యొకటి కనబడెను. కరోలినా ప్రాంతపు కొండలలో దొరికినదని మాత్రమే దానిపై వ్రాయబడియుండెను. గ్రే, టోరీలు 1842లో దానికి షార్షియా అని నామకరణము చేసిరి. నాటినుండి గ్రే దానికొరకై కొండలలో వెదకని తావు లేదు. అది దొరకలేదు గాని, దాని దగ్గరి చుట్టము జపాను దేశపు మొక్కలలో కనబడెను. ఈ వింత అతని మనస్సున నాటుకొనెను.

1842లోనే అతడు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ముప్పది యేండ్లకు పైగా అచ్చట బోధించెను. 1848లో వెలువడిన అతని వృక్షశాస్త్ర కరదీపిక తరతరముల విద్యార్థులకు ఆధారగ్రంథమయ్యెను. చిన్నపిల్లలకొరకు సైతము, మొక్కలెట్లు పెరుగునో తెలుపు సులభమైన పుస్తకమును 1858లో రచించెను. మహాపండితుడయ్యును బాలశిక్ష వ్రాయుటకు అతడు నామోషి పడలేదు.

1855లో ఇంగ్లండు నుండి చార్లెసు డార్విను అమెరికా మొక్కలను గూర్చి కొన్ని సందేహములు తెలుపుచు గ్రేకు జాబు వ్రాసెను. అచ్చటినుండి వారి స్నేహము వర్ధిల్లెను. 1857 సెప్టెంబరులో డార్విను తన ప్రకృతివరణ సిద్ధాంతపు సారాంశమును గ్రేకు వ్రాసి పంపెను. మరుసటి యేడు వాలెసు అను శాస్త్రజ్ఞుడు సరిగ అట్టి సిద్ధాంతమునే స్వతంత్రముగ కనుగొనినపుడు, డార్విను ముందే దానిని భావించెననుటకు ఈ జాబు సాక్ష్యమయ్యెను. 1858 జూలై 1వ తేదీన లండనులోని లినేయను సంఘమున అందలి భాగము చదువబడెను.

ఇంతలో అమెరికా నౌకాయాత్రతో వెడలిన చార్లెసు రైట్ అను సేకర్త జపానునుండి తెచ్చిన మొక్కలు గ్రే బల్లమీదికి వచ్చెను. గ్రే ఒక్కొక్క మొక్కను చూచి, దాని బంధువులు ఏయే దేశములలో గలవో పట్టికలు వ్రాసెను. ఫలితము ఆశ్చర్యకరము. జపానునకు ఎదురుగనున్నది అమెరికా పడమటి తీరము. జపాను మొక్కల చుట్టములు అచ్చటనే మిక్కుటముగ నుండవలెనని తోచును. కాని అవి ఖండమునకు ఆవలి యంచున, తూర్పు ప్రాంతముననే అధికముగ నుండెను. మన సంపెంగ కుటుంబమునకు చెందిన మాగ్నోలియా చెట్లు ఇట్టివానిలో కొన్ని.

దీనికి గ్రే చెప్పిన కారణమిది. పూర్వమొక వెచ్చని యుగమున ఉత్తర ధ్రువ సమీపము వరకు అడవులు ఎడతెగక వ్యాపించియుండెను. బేరింగు జలసంధి ప్రాంతమున ఆసియా, అమెరికాల వృక్షములు ఒకదానితో నొకటి కలసియుండెను. పిమ్మట హిమయుగము రాగా, మంచు వానిని దక్షిణమునకు తరిమెను. అనుకూలమైన తావులందు మిగిలినవి రెండు దూరదేశముల ఏకాంతముగ నిలిచి, కాలక్రమమున కొంత కొంత మారెను. కావున అవి విడిపోయిన జ్ఞాతులే గాని వేర్వేరు సృష్టులు కావు.

ఈ మాట చెప్పుట నాడు తేలిక కాదు. హార్వర్డులో అతని సహోద్యోగి లూయీ అగాసీ దేశమంతట కీర్తిగాంచినవాడు, మహావక్త. ప్రతి జాతియు తానున్నచోటనే ప్రత్యేకముగ సృష్టింపబడినదని అగాసీ వాదము. హిమయుగ సిద్ధాంతమును లోకమునకు చాటినవారిలో అతడే ప్రముఖుడు; ఆ మంచు సమస్త జీవులను నశింపజేయగా మరల కొత్త సృష్టి జరిగెనని యతడు నమ్మెను. గ్రే ఆ హిమయుగమునే చేకొని అగాసీ వాదమును ఖండించెను. 1859 తొలినెలలలో బోస్టను పండితసభలో ఇరువురును ముఖాముఖి వాదించిరి. గ్రే ఉపన్యాసకుడుగ అగాసీకి సాటి కాడు. అతని బలమంతయు పట్టికలలోనే యుండెను.

ఈ వివాదము చెట్లతో ముగియునది కాదు. మానవులలోని వర్ణభేదములు సైతము వేర్వేరు సృష్టులేయని అగాసీ బోధించెను. నల్లవారిని బానిసలుగ నుంచుకొనినవారికి ఆ మాట ఊతకఱ్ఱ అయ్యెను. ఒక జాతికి జన్మస్థానమొక్కటేయని గ్రే పక్షము గెలిచినచో మనుష్యులందరును ఒక్క కుదురు వారే యగుదురు. ఎండుమొక్కల పట్టికలో మానవ సౌభ్రాత్రము ఇమిడియున్నదనుట అతిశయోక్తి కాదు.

1859 నవంబరున డార్విను గ్రంథము వెలువడెను. గ్రే దానిని అమెరికాలో సమర్థించుచు వ్యాసములు వ్రాసెను. అచ్చటి ప్రచురణకర్తలనుండి డార్వినునకు ముట్టవలసిన పైకమిప్పించెను. అయినను గ్రే దృఢమైన క్రైస్తవ భక్తుడు. పరిణామము వెనుక దైవసంకల్పము కలదని యతని విశ్వాసము. డార్విను దాని నంగీకరింపలేదు. ఈ భేదము వారి మైత్రిని చెరుపలేదు. 1877లో డార్విను పూవుల భేదములను గూర్చిన తన గ్రంథమును గ్రేకే అంకితమిచ్చెను.

ఆ 1877వ సంవత్సరముననే మరియొక శుభము జరిగెను. ఉత్తర కరోలినాలో జార్జి హయమ్సు అను పదునేడేండ్ల బాలుడు నదియొడ్డున షార్షియా మొక్కను చూచెను. దాదాపు నలువది యేండ్ల నిరీక్షణ ఫలించెను. 1879లో వృద్ధుడైన గ్రే స్వయముగ ఆ తావునకు పోయి దానిని దర్శించెను.

తాను జీవితమంతయు కూర్చిన సుమారు రెండు లక్షల ఎండుమొక్కలను, గ్రంథాలయమును గ్రే 1864లోనే హార్వర్డునకు దానమొసగెను. 1888 జనవరి 30వ తేదీన దేహము చాలించెను.

అతని పిమ్మట శాస్త్రము చాల ముందుకు పోయినది. ఖండములు కలియుట, విడిపోవుట ఒక్కమారు గాక పలుమార్లు జరిగెననియు, అట్లాంటికు ఉత్తరపు దారిని సైతము వృక్షములు వ్యాపించెననియు నేడు తెలియుచున్నది. అమెరికాలో ఊటా ప్రాంతపు శిలలలో సుమారు 4 కోట్ల 80 లక్షల ఏండ్లనాటి పోప్లార్ ఆకులును కాయలును ఒకే కొమ్మకు అంటియుండగ లభించెను. 2006లో మొట్టమొదట జన్యుక్రమము సంపూర్ణముగ ప్రకటింపబడిన వృక్షము గూడ ఒక అమెరికా పోప్లారే. ఒకానొక పురాతన కాలమున జన్యుసామగ్రి యంతయు రెట్టింపైన గుర్తు పోప్లార్ నందును, దాని జ్ఞాతియైన విల్లో చెట్టునందును కలదు. గ్రే ఆకులలో చూచిన చుట్టరికము నేడు జీవకణములలోనే చదువబడుచున్నది. నేడు పంజాబు, హర్యానా పొలములలో పలకచెక్కకై పెంచు పోప్లారు సైతము తూర్పు అమెరికానుండి మనుష్యులు తెచ్చిన జాతియే.

గానుగలో బెరడు పోసిన బాలుడు ఖండాంతరముల వృక్షముల బాంధవ్యమును తేల్చుటకు సాధనములైనవి ఓర్పు, లెక్క, సత్యమునందు నిష్ఠ. తన విశ్వాసమును విడువలేదు. దానికొరకు కన్నులు మూసికొననూ లేదు. విద్యార్థులు ఒక ఆకును పుస్తకములో నొత్తిపెట్టి దాని పేరు, ఊరు, తేదీ వ్రాసి యుంచుట అల్పమైన పని కాదు. పారిసులో పేరు లేక పడియున్న ఎండుకొమ్మయే గ్రేను ఆ మార్గమున నడిపించినది.