జాన్ స్నో

ఇంగ్లండునందలి యార్కు నగరమున 1813లో ఒక కూలివాని యింట జన్మించిన జాన్ స్నో లండనులో వైద్యుడయ్యెను. కలరా దుర్వాయువువలన కలుగునని నాటివారి నమ్మకము. కలుషిత జలమే హేతువని 1849లో ఆయన ప్రకటింపగా పెక్కురు విశ్వసింపరైరి.

1854 ఆగస్టు 31న లండనులోని సోహో పేటలో కలరా చెలరేగెను. స్నో మరణముల పట్టికను చేకొని యింటింటికి తిరిగి, మృతులలో అధికులు బ్రాడ్ వీథి పంపునీరు త్రాగినవారని తెలిసికొనెను. సెప్టెంబరు 7న ఆ పేట పాలకులకు విన్నవింపగా, మరునాడు వారు పంపు పిడిని తొలగించిరి.

ఎనిమిది దినములు! అప్పటికే వందలమంది అసువులు బాసిరి. జనులు పేట విడిచి పోవుటచే వ్యాధియు తగ్గుముఖము పట్టెను. తన చర్యయే వ్యాధి నణచెనని చాటుకొనక, దినదినపు లెక్కలతో స్నోయే ఆ సత్యమును తన గ్రంథమున వెల్లడించెను. ఆయన 1858లో 45వ యేట మరణించెను. ఆలస్యమునకు మూల్యము ప్రాణములేనని ఆ లెక్కలు నేటికిని బోధించుచున్నవి.