డాక్టరు గారు పెట్టిన బ్యాంకు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరగానే నాకు తోచిన పేరు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిది. ముప్పై ఆరేళ్లు ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఉప్పు తిన్నవాణ్ణి.

ఆయన 1880 నవంబరు 24న ఏలూరు దగ్గర గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. రాబడి బాగానే ఉన్నా దేశం పని కోసం దానిని వదులుకున్నారు.

నాడి చూసే మనిషికి బ్యాంకు గొడవ ఎందుకంటారా? 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయింది. పైకుర్చీలన్నీ తెల్లదొరలవే. విదేశీ ఎక్స్ఛేంజి బ్యాంకులకు ఎగుమతి, దిగుమతి వ్యాపారమే ముఖ్యం. మన రైతు, చిల్లర వర్తకుడు ప్రోనోటు వ్రాసి షావుకారు ముందు నిలబడవలసిందే. దొరల కంపెనీ అయితే భద్రమనే నమ్మకమూ 1906లో మద్రాసు ఆర్బత్‌నాట్ కంపెనీ దివాళాతో పోయింది. న్యాయంగా చెప్పాలంటే లెడ్జరు, చెక్కు మనం నేర్చినది వాళ్ల దగ్గరే. తగవు పద్ధతితో కాదు, అప్పు ఎవరికివ్వాలో తేల్చే అధికారం ఎవరిదన్న దానితోనే.

1923 నవంబరు 20న బ్యాంకును రిజిస్టరు చేయించారు. 28న లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మచిలీపట్నంలో పని మొదలైంది. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారతలక్ష్మి బ్యాంకు పెట్టారు. జనం మాత్రం 1939లో సుభాష్ బోసు చేతిలో ఓడిన సంగతే చెప్పుకుంటారు. 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు, తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగా చేశారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

నేను చేరింది 1966లో, ఆయనను చూడలేదు. ఒక పల్లెలో కొత్త శాఖ తెరిచిన రోజున ఒక రైతు చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చాడు. కుర్చీ చూపినా కూర్చోలేదు. అయిదు రూపాయలతో ఖాతా తెరిచి వేలిముద్ర వేయించాను. ఏడాది తిరక్కుండానే బావి మోటారు అప్పు కోసం మళ్లీ వచ్చాడు. చెప్పులతోనే వచ్చి, అడగకుండానే కూర్చున్నాడు.

1980 ఏప్రిల్ 15న బ్యాంకు జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నా పాత పాస్‌బుక్కు బీరువాలోనే ఉంది. పారవేయమని మా కోడలు అంటుంది గానీ, నాకే చేతులు రావడం లేదు.