మంజీరకు కట్ట వేసిన ఇంజినీరు

మాది ఎల్లారెడ్డి. చిన్నప్పుడు సెలవులొస్తే నిజాంసాగర్ గేట్లు చూడ్డానికి పోయేవాళ్లం. దాన్ని కట్టించింది ఎవరో మాత్రం బీటెక్‌లో చేరేదాకా నాకు తెల్వదు.

ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, సర్కారు స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లారు. తిరిగొచ్చాక నిజాం రాజ్యానికి చీఫ్ ఇంజినీర్ అయ్యారు. మంజీర మీద 1923లో పని మొదలైంది, 1931లో పూర్తయింది. మోటార్లు లేవు, పంపులు లేవు. నేల వాలును లెక్కగట్టి కాలువ తవ్విస్తే నీళ్లు వాటంతట అవే నిజామాబాద్ వైపు పారాయి.

కానీ కింద పొలాలు పండాలంటే పైన ఊళ్లు మునగాలి. మునిగినవాటిలో మా తాత వాళ్ల ఊరు కూడా ఉందని ఇంట్లో చెప్తారు. ఇంకో సంగతి, నది నీళ్లొక్కటే తేదు, ఒండ్రు కూడా తెస్తుంది. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు 18 కూడా పట్టడం లేదు.

ఆయన 1949లో కన్నుమూశారు. ఆయన పుట్టిన జూలై 11నే తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవం చేస్తున్నారు. కామారెడ్డిలో రైలు దిగి మా ఊరి మీదుగా ఒకసారి రండి, గేట్లు చూపిస్తా. ఆయన లెక్క ఆయన చేసి పోయారు. పూడిక లెక్క మాత్రం మనకే మిగిలింది.