అంధ బాలుని బడికి వెలుగైన ఫిడేలు నాయుడు గారు

విజయనగరం: చూపు ఆనదన్న కారణంతో పాఠశాల చదువుకు దూరమైన బాలుడొకడు, తదనంతర కాలంలో ఒక అంధ బాలుని నిమిత్తం ఆరంభమైన సంగీత పాఠశాలకే అధిపతి అయ్యాడు. ఆయనే ఫిడేలు నాయుడు గారిగా ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధులైన ద్వారం వెంకటస్వామి నాయుడు. కచేరీలూ బిరుదులూ స్మరించేవారు ఆయన బోధన జీవితాన్ని ఒక్క వాక్యంతో దాటవేస్తుంటారు. ఈ పట్టణానికి సంబంధించినంతవరకు అసలు కథ అక్కడే ఉంది.

నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు బెంగళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడటంతో బాల్యం అక్కడే గడిచింది. కంటిచూపు మందగించి బడి చదువు ఆగిపోగా, అన్నగారైన వెంకటకృష్ణయ్య తమ్ముని చేతికి ఫిడేలు అందించి తామే తొలిగురువు అయ్యారు. వీణకు మెట్లుంటాయి, ఫిడేలుకు అవి ఉండవు. స్వరస్థానాన్ని చెవి నిర్ణయించాలి, వేలు అనుసరించాలి. పుస్తకం చదవలేని బాలునికి ఆ వాద్యమే పుస్తకమైంది.

ఆ రోజులలో సంగీత విద్య గురుకుల పద్ధతిలోనే లభించేది. సంగీత కుటుంబంలో పుట్టినవారికి, గురువు ఇంట ఏళ్ల తరబడి శుశ్రూష చేయగలిగినవారికి తప్ప తక్కినవారికి అది అందని ఫలమే. విజయనగర సంస్థానంలో చాగంటి జోగారావు అనే ఉద్యోగికి అంధుడైన కుమారుడు ఉండేవాడు. ఆ పిల్లవానికి సంగీతం చెప్పించే మార్గం చూపవలసిందిగా తండ్రి ప్రభువును వేడుకొన్నాడట. ఒక్కనిని ఎక్కడికో పంపుటకన్న పదిమందికి ఉపయోగపడేలా ఇక్కడనే పాఠశాల నెలకొల్పుట మేలని పూసపాటి విజయరామ గజపతిరాజు సంకల్పించారని పెద్దలు చెబుతారు. ఆ విధంగా 1919 ఫిబ్రవరి 5న విజయరామ గానపాఠశాల ప్రారంభమైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రథమ ప్రధానాచార్యులు.

ఆ పాఠశాలలో విద్యార్థిగా చేరాలని వచ్చిన నాయుడు గారి వాద్యం విని, దాసు గారు ఆయనను ఆచార్యునిగానే నియమింపజేశారని నేటికీ ఇక్కడ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. కచేరీల వెంట దేశం తిరగగలిగిన ప్రాయంలో పిల్లల చేత సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు పలికిస్తూ కూర్చోవడం సామాన్యమైన నిర్ణయం కాదు. 1936లో దాసు గారి అనంతరం ప్రధానాచార్య పదవి నాయుడు గారిని వరించింది.

పాఠశాల ఉన్నంత మాత్రాన పేదపిల్లవాని కష్టం తీరేది కాదు. పాఠం దొరికినా పూట గడవాలి. కృష్ణా జిల్లా నుంచి తండ్రి లేని బాలుడొకడు, కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్న తండ్రి చివరి కోరికను మూటగట్టుకొని, చేతి ఉంగరం అమ్ముకొని ఒంటరిగా విజయనగరం చేరాడు. తీరా చూస్తే సెలవుల కారణంగా కళాశాల మూసి ఉంది. నాయుడు గారు ఆ బాలుని వెనుకకు పంపివేయలేదు. తలుపులు తెరిచేవరకు ఆవరణలోనే తలదాచుకొనే వీలు కల్పించారు. ఆ బాలుడు వారాలు చేసుకొని తిన్నాడు, ఆపై జోలె కట్టి మధుకరమెత్తాడు. కళాశాల గాత్ర ఆచార్యులైన పట్రాయని సీతారామశాస్త్రి తామే కలిమి లేనివారై ఉండి కూడా అతనిని చేరదీసి విద్య నేర్పారు. పిలిచి అన్నం పెట్టిన తల్లులూ ఉన్నారు. ఆ జోలె పట్టిన బాలుడే ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఒక గురువు చోటిచ్చి, మరొక గురువు పాఠమిచ్చి, ఊరు అన్నమిస్తే తప్ప ఆ చదువు పూర్తి కాలేదన్నది గమనింపదగిన విషయం. ఎందరు బాలలు ఆ మూడింటిలో ఒకటి కొరవడి తిరుగుముఖం పట్టారో లెక్క రాసినవారు లేరు.

బోధన సాగుతుండగానే నాయుడు గారి కీర్తి దక్షిణాదిన వ్యాపించింది. గాయకునికి ప్రక్కవాద్యంగా మాత్రమే ఉన్న ఫిడేలుకు ఏకవాద్య కచేరీ గౌరవం కల్పించిన ఆద్యులలో ఆయన ఒకరు. 1938లో వెల్లూరులో అటువంటి కచేరీ జరిగింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ 1952లో మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ గృహంలో ఆయన వాద్యం విని ముగ్ధుడయ్యారు.

ఆయన శిష్యులలో నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులున్నారు. నేపథ్య గాయని పి.సుశీల ఇదే కళాశాల విద్యార్థిని. నాయుడు గారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. ఒక్క బాలుని కోసం ఆరంభమైన బడి తరువాతి కాలంలో మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా రూపొంది, 2019లో నూరేళ్లు పూర్తి చేసుకొంది.