పింగళి సూరన: కల్పితకథయందు వాక్తత్త్వము

16వ శతాబ్దియందు నంద్యాల సీమలో విలసిల్లిన పింగళి సూరన అమరనామాత్యునకును అబ్బమాంబకును తనయుడు. ఆయన అష్టదిగ్గజములలో నొకడనుట జనశ్రుతి మాత్రమే. ఆకువీటి పెదవేంకటాద్రితోడను, నంద్యాల కృష్ణరాజుతోడను ఆయనకు గల సంబంధము మాత్రము కృతులవలననే సిద్ధించుచున్నది.

గరుడపురాణమును తెనిగించెనని తెలియుచున్నను ఆ గ్రంథము మనకు దక్కలేదు. అది ఆంధ్రసారస్వతమునకు పూరింపరాని లోటు. పెదవేంకటాద్రి ప్రేరణమున రాఘవపాండవీయమును రచించి, ఒకే శబ్దరాశిచే రామకథను భారతకథను నడపెను. దీనిని శబ్దపాండిత్యప్రదర్శనముగ మాత్రమే గణించుట పొరపాటు. ఒక శబ్దమున రెండు లోకములు ఇముడగలవని ఆయన ఇందు సాధించి చూపెను. శబ్దమునుండి లోకమే పుట్టగలదా యను ప్రశ్న ఇచ్చటినుండియే తలయెత్తినది.

దానికి సమాధానము నంద్యాల కృష్ణరాజున కంకితమైన కళాపూర్ణోదయము. ఈ ఎనిమిది ఆశ్వాసముల కావ్యమునకు పురాణమూలము లేదు. కథ ద్వారకలో మొదలగును. నారదుని వరమున కలభాషిణి రంభారూపము దాల్పగా, ఇద్దరు రంభలు ఎదురెదుట నిలిచి, నిజమైన రంభను నేనన నేనని కలహింతురు. ఆకాశమున సింహము నెక్కి తిరుగు సిద్ధుడు, స్త్రీపురుషరూపముల వినిమయము, మణిమహిమచే పూర్వజన్మమును చెప్పు పసిపాప, ఇట్టి అద్భుతములు ఇందు పెక్కులు. కాని వీని కన్నిటికిని మూలము సత్యలోకమున నున్నది. బ్రహ్మ సరస్వతికి వినోదార్థము చెప్పిన కథయే భూలోకమున జరుగుచున్నది. అది తమ ప్రణయక్రీడకే మారురూపమని వాగ్దేవి కనిపెట్టును. అయినను విధాత నోట వెలువడిన మాట వ్యర్థము కానేరదు. వాక్కునుండి సృష్టి యను శ్రుతిసిద్ధాంతమును సూరన ఉపదేశముగ చెప్పలేదు, కథాయంత్రముగ మలచెను. రూపము మారినను అనుభవించు జీవుడొక్కడే యను వేదాంతార్థమును పాత్రల తికమకలలోనే ఇమిడ్చెను. ప్రతి పాత్రయందును తాంత్రికసంకేతమును వెదకువారు కథారసమును పోగొట్టుకొందురు. వింతలనే చూచువారు దాని ప్రాణమునే విడుతురు. రెండవ దోషమే మనలో అధికము.

పిదప హరివంశకథను గైకొని ప్రభావతీప్రద్యుమ్నమును రచించి తండ్రి కంకిత మొనర్చెను. రాజాశ్రయ మెరిగిన కవి ఇట్లు చేయుట గమనింపదగినది. ఇందును శుచిముఖి యను హంసి వాక్చాతుర్యమే కార్యమును సాధించును.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారముతో కళాపూర్ణోదయము నవీనవిమర్శకుల దృష్టి నాకర్షించెను. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కావించిన ఆంగ్లానువాదము 2002లో వెలువడినది.